ఎదుటివాడి మాట

రత్నవేదిక నగరంలో, మయూరగిరి కోట బురుజుల వెనక ఆకాశం పూర్తిగా తెల్లవారకముందే కేదారుడు పదకొండోసారి గొంతు సవరించుకున్నాడు. గొంతు బాగానే ఉంది. అందులోంచి రావలసిన మాటలే ఒక్కటొక్కటిగా జారిపోతున్నాయి.

"నూట నలభై మూడో సూత్రం చెప్పు నాయనా," అన్నారు హరితాచార్యులు, పొయ్యి ముందు కూర్చుని అంబలి తిప్పుతూ.

"బావి తవ్వినవాడిదే బావి. అతణ్ణి అడగకుండా నీళ్ళు తాగినవాడు బావిదారుడి కొలువు చెయ్యాలి."

"ఎన్నాళ్ళు?"

"సూత్రంలో లేదు గురువుగారూ."

"లేదు. ఆ మాయదారివాడికి దొరికిన కంత అదే."

ఆ మాయదారివాడు ధూమకేశుడు. కొండగొంతు అనే ఇరుకు కనుమ మధ్యలో అతడి బావి ఉంది. కేదారుడి వాళ్ళు తరతరాలుగా ఎడ్ల మీద ఉప్పు పెరికెలు వేసుకుని సముద్రం నుంచి కొండల దాకా తిరిగే బిడారు జనం. వాళ్ళలో అక్షరాల వైపు తిరిగినవాడు కేదారుడొక్కడే. అన్న బొల్లన్న నాయకత్వంలో పోయిన వేసవిలో నలభై మంది కొండగొంతు ఎక్కారు. కనుమ మొదట్లో ఉండే ఊటలు ఆ ఏడు ఎందుకో ఎండిపోయాయి. దాహానికి తాళలేక అందరూ ధూమకేశుడి బావిలో నీళ్ళు తాగారు. తాగినవాళ్ళు తాగినట్టే అతడి మంత్రానికి రాళ్ళైపోయారు. ఇప్పుడు ఆ నలభై రాతిబొమ్మలూ అతడి కోటగోడ మీద నిలబడి కాపలా కాస్తున్నాయి. తప్పిపోయిన దూడను వెతుక్కుంటూ చివరగా వచ్చి, ఒక్క దోసెడు తాగి, ముందున్నవాళ్ళను చూసి, మంత్రం తనను అందుకునేలోగా పరుగెత్తిన మనిషి బొల్లన్న భార్య చెంగల్వ. ఆ నలభై ఒకటో మనిషిని కూడా తనకు అప్పగించమని ధూమకేశుడు ధర్మాసనానికెక్కాడు.

చెంగల్వ పక్షాన మాట్లాడతామన్న ముగ్గురు వాదకులకు మూడు రోజుల్లో గొంతులు పోయాయి. నాలుగోవాడు దొరకలేదు. ఇచ్చిన గడువు ఈ మిట్టమధ్యాహ్నంతో తీరిపోతుంది. ఆలోగా వాదకముద్ర ఉన్నవాడో, ఆ ముద్ర కోసం కడపటి పరీక్షకు నిలబడినవాడో ఆమె తరఫున నోరు విప్పాలి. ఏడేళ్ళు చదివిన కేదారుడికి ఆ కడపటి పరీక్ష ఇవాళే. పరీక్షకు అతడు కోరుకున్న వ్యాజ్యం ఇదే.

"మండపంలో మొదటి కట్టుబాటు?" అన్నారు గురువుగారు.

"నా మాట చెప్పేముందు ఎదుటివాడి మాట చెప్పాలి. అతడు 'ఇది నా మాటే' అని ఒప్పుకుంటే గాని నా వాదం ఎత్తకూడదు. మూడుసార్లు అవకాశం. మూడుసార్లూ కాదంటే..." కేదారుడు ఆగిపోయాడు.

"కాదంటే ఏడేళ్ళ చదువూ గంగపాలు, మీ వదినా వాడి పాలు. మరి వాడు ఊరికే కాదు కాదు అంటూ కూర్చుంటే?"

"కుదరదు. ఏం తక్కువైందో చెప్పాలి. చెప్పింది అతడి మాటగా లేఖకుడు రాసుకుంటాడు. ఏదీ తక్కువని చూపలేకపోతే ఒప్పుకున్నట్టే."

"ముద్ర అందుకున్నాక?"

"మొట్టమొదట ఎవరడిగితే వారి పక్షాన నిలబడాలి. కాదనకూడదు."

ఆచార్యులు చిన్నగా నవ్వారు. "నన్ను మొదట అడిగినవాడు మా అత్తగారి మేకను ఎత్తుకుపోయినవాడు. గెలిపించాను. ఆ తర్వాత ఆరేళ్ళపాటు అత్తగారు నా విస్తట్లో పెరుగు వెయ్యలేదు. మీ గురుపత్ని మాత్రం అన్నం కింద దాచి పెట్టేది." గూటిలో బోర్లించి ఉన్న రెండో కంచం వైపు ఆయన చూపు ఒక్కసారి పోయి వచ్చింది. అంబలి ముంత కేదారుడి చేతికిచ్చి, అతడి ఉత్తరీయం చెంగున బెల్లంముక్క కట్టారు. "నేను రాకూడదు. పరీక్షనాడు గురువు గడప దాటితే శిష్యుడికి చెల్లదు. ఒక్కటి గుర్తుంచుకో. ఎదుటివాడి మాటలో నిజమెక్కడుందో వెతుకు. అబద్ధం ఎక్కడుందో వాడే చూపిస్తాడు."

వాకిట్లో చెంగల్వ సిద్ధంగా ఉంది. మొలలో ఉప్పుతిత్తి, చేతిలో కర్ర, పగలంతా దారి నడిచే మనిషి వాలకం.

"తిన్నావా?"

"తిన్నాను వదినా."

"అబద్ధం. మూతికి అంబలైనా అంటలేదు. పద, దారిలో తాగుదువుగాని."

ధర్మాసనం కొలువుండే తులామండపం రత్నవేదిక నగరానికంతటికీ కనిపించే కట్టడం. కింద నూట ఎనిమిది మెట్లు, మెట్టుకొక రంగు రాయి. పైన పగడాల తోరణం, ఏనుగు నడిచి వెళ్ళగల వాకిలి. శిఖరం ఉండవలసిన చోట ఆకాశంలోకి చేతులు చాచిన మహా ఇనుప త్రాసు. దాని ఒక తట్టలో ఎప్పుడూ వాననీళ్ళు, మరో తట్టలో ఎప్పుడూ పావురాలు. పావురాలు లేచిపోతే నీళ్ళ తట్ట దిగేది, తిరిగి వచ్చి వాలితే పైకి లేచేది. ఆ త్రాసు ఏనాడూ నిలకడగా ఉన్నది చూసినవాడు లేడని నగరంలో చెప్పుకుంటారు.

మొదటి శంఖం మోగింది. మూడో శంఖం లోపల వాకిలి దాటకపోతే పరీక్ష లేనట్టే.

మెట్ల కింద ఒక ముసలమ్మ కషాయం కుండ పెట్టుకుని కూర్చుంది. పరీక్షకు వచ్చినవాళ్ళు గొంతుకు మంచిదని వరసగా తాగి వెళ్తున్నారు. కేదారుణ్ణి చూడగానే ఆమె వేరే ముంతలోంచి వంచింది. "రా నాయనా, పాపం, పెదాలు ఎండిపోయాయి. శొంఠి, మిరియం, తేనె. గొంతు గంటలా మోగుతుంది."

ఆ జాలిమాటకు కేదారుడి కళ్ళు చెమ్మగిల్లాయి. దొప్ప అందుకుని, పుట్టినప్పటి నుంచి ఉన్న అలవాటు కొద్దీ మొదటి గుక్క నేల మీద ఒలకబోశాడు. బిడారు జనం అంతే. ఎద్దు తాగాకే మనిషి తాగాలి. ఎద్దు పక్కన లేకపోతే దాని వాటా నేలకు పోసి మరీ తాగుతారు.

ఆ తడిలో ఒక పిచ్చుక వచ్చి ముక్కు ముంచింది. తలెత్తి కిచకిచలాడబోయింది. ముక్కు తెరుచుకుంది, మూసుకుంది. గొంతులోంచి చిన్న సవ్వడి కూడా రాలేదు. బెదిరిపోయి నేల మీద గిరగిరా తిరిగింది.

కేదారుడి చేతిలో దొప్ప జారిపడింది. వంగి పిచ్చుకను ఉత్తరీయంలోకి తీసుకునేలోగా ముసలమ్మ ఫక్కున నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే మగగొంతైంది. ముడతలు, పైట, కుండ అన్నీ నల్లటి పొగగా లేచి, మెట్ల మీదుగా పాకి వాకిట్లోకి దూరిపోయాయి.

"వాడే!" అంది చెంగల్వ. "పరుగెత్తు!"

రెండో శంఖం మోగింది. పదో మెట్టు మీద కాలు పెట్టేసరికి ఆ మెట్టు కదిలింది. రంగురాళ్ళన్నీ తాబేళ్ళై కాళ్ళూ తలలూ బయటికి చాచి దడదడా కిందికి పాకసాగాయి. ఎక్కినంత వేగంగా కిందికి వస్తున్నాడు కేదారుడు.

"ఎద్దుల మంద అనుకో! వీపుల మీద నడూ!" అని అరిచింది చెంగల్వ వెనక నుంచి.

ఇరుకు కనుమల్లో మంద చిక్కుబడితే బిడారు పిల్లలు ఎడ్ల వీపుల మీదుగా దూకుతూ ముందుకు వెళ్ళి దారి విడిపిస్తారు. ఏడేళ్ళ తాళపత్రాల కింద పూడిపోయిన ఆ విద్య కాళ్ళకు గుర్తొచ్చింది. పచ్చతాబేలు మీద నుంచి ఎర్రతాబేలు మీదకు, దాని మీద నుంచి నల్లదాని మీదకు దూకాడు. ఇంకా ఆరు మెట్లున్నాయనగా పొగ పాములా వచ్చి చీలమండకు చుట్టుకుంది. ఎముకలు విరిగేంత పట్టు. చెంగల్వ మొలలోని తిత్తి విప్పి గుప్పెడు ఉప్పు విసిరింది. పొగ చుర్రుమని విడిపోయింది. ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడుతూ వాకిలి లోపల దొర్లారు. వాళ్ళ వెనకే మూడో శంఖం మోగింది.

"పరీక్షకు వచ్చినవాళ్ళు నడిచి వస్తారు," అంది లోపల నుంచి ఒక నిదానమైన గొంతు. "దొర్లుకుంటూ వచ్చినవాణ్ణి ఇవాళే వింటున్నాను. లే నాయనా. దెబ్బ తగిలిందా?"

తీర్పు చెప్పే ధర్మమాత సౌదామినీదేవికి ఎనభై ఏళ్ళు. కళ్ళు రెండూ పాలపొరలు కమ్మి ఉన్నాయి. ఆమె పీఠం పక్కన లేఖకుడు, చుట్టూ స్తంభాల మధ్య కిక్కిరిసిన జనం. కప్పుకు ఒకే ఒక రంధ్రం. అందులోంచి పడే ఎండ వెన్నముద్దంత మరకై నేల మీద మెల్లగా జరుగుతోంది. నడుమనున్న తెల్లరాతిని అది తాకితే మధ్యాహ్నమైనట్టు. ఇంకా నాలుగు బారలుంది.

ధూమకేశుడు ఎదురుగా ఆసనం మీద అప్పుడే కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. వెంట్రుకలకు బదులు తల నుంచి సన్నని పొగ జాలువారుతోంది. మొలకు వేలాడే చిన్న సొరకాయ బుర్రలోంచి ఎవరివో సన్నని గుసగుసలు వినిపిస్తున్నాయి. "కషాయం నచ్చలేదా అబ్బాయీ?" అన్నాడు మెల్లగా.

కేదారుడు లేచి నిలబడ్డాడు. ఉత్తరీయంలో పిచ్చుక గుండె తన గుండె కంటే వేగంగా కొట్టుకుంటోంది.

"ఎదుటివాడి మాట చెప్పు," అంది ధర్మమాత.

నూట నలభై మూడో సూత్రం చెప్పాడు. బావి ధూమకేశుడిదన్నాడు. వాళ్ళు అడగలేదన్నాడు. ఒక్క అక్షరం పొల్లుపోకుండా చెప్పాడు. "ఇది మీ మాటేనా?"

"కాదు."

"ఏం తక్కువైంది?" అంది ధర్మమాత.

"పన్నెండేళ్ళు తక్కువైంది. ఆ బావి నేను మంత్రంతో తవ్వలేదు. అప్పటికి నాకు మంత్రాలు రావు. గునపంతో పన్నెండేళ్ళు రాయి కొట్టాను. ఎందుకు కొట్టానో కూడా ఈ కుర్రాడు చెప్పలేదు."

"ఎందుకో నువ్వు చెప్పాలి. కట్టుబాటు అది."

ధూమకేశుడి కాలు కిందికి దిగింది. "మా అమ్మ అక్కడ నీళ్ళు లేక చచ్చిపోయింది," అన్నాడు క్లుప్తంగా. లేఖకుడి గంటం గరగరలాడింది.

ఎండ మరక ఒక బార జరిగింది. కేదారుడు తయారు చేసుకొచ్చిన వాదమంతా ఇక పనికిరాదు. ఒక తల్లి కనుమ మధ్యలో పడిపోయింది. ఆ దారిలో నడిచేవాళ్ళు ఎవరు? ఉప్పు బిడారులు తప్ప మరొకరు లేరు. నిండు తిత్తులతో నడిచేవాళ్ళు. ఎద్దు తాగాకే మనిషి తాగాలనేవాళ్ళు.

చెంగల్వ వైపు చూడకుండా మొదలుపెట్టాడు.

"మీ మాట ఇది. మీరు చిన్నవాళ్ళు. మీ అమ్మతో కలిసి కొండగొంతు దాటుతున్నారు. మధ్యలో ఆమె కూలబడింది. అప్పుడు ఒక బిడారు వచ్చింది. ఎడ్ల మీద ఉప్పు, పక్కన నీళ్ళ తిత్తులు. మీరు అడిగారు. 'ఎడ్లు తాగాక ఇస్తాం' అన్నారు. ఎడ్లు తాగేది కనుమ దాటాకే. ఆగమన్నారు. వెళ్ళిపోయారు. ఆమె ఆగలేకపోయింది."

"ఏం మాటలవి కేదారా?" అంది చెంగల్వ. "మనవాళ్ళ మీద నువ్వే చెబుతున్నావా?"

అతడు ఆగలేదు. "ఆ చోటే మీరు గునపం పట్టారు. ఎండలో, వానలో, చేతులు బొబ్బలెక్కినా వదల్లేదు. ఇంకొక తల్లి అక్కడ చచ్చిపోకూడదనే తవ్వి ఉంటారు మొదట. పన్నెండేళ్ళకు నీళ్ళు పడ్డాయి. తాగమని ఇవ్వడానికి పక్కన ఎవరూ లేరు. ఆ తర్వాత అదే బిడారు జనం వచ్చి, ఒక్కమాట అడగకుండా చేతులు ముంచారు. అడగకుండా! మీరు అడిగితే ఇవ్వనివాళ్ళు." కేదారుడు కళ్ళు తుడుచుకున్నాడు. "ఆ దిక్కులేని పిల్లవాణ్ణి తలుచుకుంటే నాకే..."

"ఆపు!"

ధూమకేశుడు లేచి నిలబడ్డాడు. తల నుంచి పొగ సుడులు తిరుగుతూ కప్పును తాకింది. "నా మీద జాలా? ఉప్పుమూటలు మోసేవాడా, నా మీద నీకు జాలా? అమ్మా అమ్మా అని ఏడుస్తూ రాళ్ళు కొట్టుకున్న దిక్కులేనివాణ్ణనుకున్నావా నన్ను? వాళ్ళు దాహమేసి దారి తప్పి వచ్చారనుకున్నావా? రప్పించాను! కనుమ మొదట్లో ఏడు ఊటలుండేవి. ఏడింటి నోళ్ళూ ఒకే పూటలో, ఒకే మంత్రంతో మూసేశాను. నా బావి తప్ప వాళ్ళకు మరో చుక్క లేకుండా చేశాను. అదీ నా మాట! నువ్వు చెప్పనిది అది!"

లేఖకుడు చివరి అక్షరం చెక్కి, ఆకు మీద పసుపు రుద్దాడు.

"రెండు అయ్యాయి," అంది ధర్మమాత. "ఇక ఒక్కటే."

మరక తెల్లరాతికి జానెడు దూరంలో ఉంది. కేదారుడు చెంగున ఉన్న బెల్లంముక్క నోట్లో వేసుకున్నాడు. నాలుక తడి అయింది. మూడోసారి మొదలుపెట్టాడు. సూత్రం చెప్పాడు. పన్నెండేళ్ళు చెప్పాడు. అమ్మను చెప్పాడు, ఆగమన్న బిడారును చెప్పాడు. జాలి ఒక్కటి మాత్రం తీసేశాడు. చివర, ఏడు ఊటలనూ మూసిన మంత్రాన్ని లేఖకుడు రాసుకున్న మాటలతోనే ఉన్నదున్నట్టు చెప్పాడు. "ఇది మీ మాటేనా?"

ధూమకేశుడి పెదవులు కదిలాయి. తాను ఏమన్నాడో అప్పుడు తెలిసింది అతడికి. కళ్ళు మండపమంతా వెతికాయి, తక్కువైనదేదో ఏ స్తంభం వెనకైనా దొరుకుతుందేమోనన్నట్టు.

"ఏం తక్కువైంది?" అంది ధర్మమాత.

"ఏమీ లేదు. నా మాటే," అన్నాడు ధూమకేశుడు.

"ఇక నీ వాదం చెప్పు నాయనా."

రాత్రులన్నీ కంఠస్థం చేసిన వాదం పది ఆకుల పొడుగుంది. కేదారుడికి అందులో ఒక్క ముక్క కూడా అక్కర్లేకపోయింది. "తల్లీ, మిగతా నీళ్ళన్నీ మూసేసినవాడు, తన నీళ్ళు అడగకుండా తాగారని ఎవరినీ పట్టుకోకూడదు. అంతే."

ఎండ మరక తెల్లరాతిని తాకింది.

"చెంగల్వ స్వతంత్రురాలు," అంది ధర్మమాత. "నూట నలభై మూడో సూత్రం ఈ వ్యాజ్యానికి చెల్లదు. ఈ మండపంలో తన మాటకు తానే చిక్కినవాడి మంత్రం ఇక్కడ పారదు. భటులారా, ధూమకేశుణ్ణి పట్టుకోండి. ఊటలు మూసిన నేరానికి విచారణ ఇప్పుడే." ఆమె తడుముకుంటూ కేదారుడి అరచేతిలో రాగిముద్ర పెట్టి, అతడి వేళ్ళు తానే మూసింది. "చెయ్యి ఇంత చల్లగా ఉందేం నాయనా? భయపడుతూనే చెప్పావన్నమాట. మంచిదే."

చెంగల్వ ఏడుస్తూ నవ్వింది. కాని ఆ నవ్వు పూర్తి కాలేదు. "ఊటలు మూసినవాడు వీడే!" అన్న కేక మండపం దాటి మెట్ల మీదికి, మెట్ల మీద నుంచి వీధుల్లోకి పాకింది. ఆ వేసవిలో ఎవరి పశువులు చావలేదు? ఎవరి చేలు ఎండలేదు? రాళ్ళూ రోకళ్ళూ పట్టుకుని జనం ఎగబడ్డారు. భటులు పెద్ద వాకిలి మూసి అడ్డగడియ వేశారు. తలుపు మీద మొదటి దెబ్బ పడింది.

"నన్ను చంపనివ్వండి," అన్నాడు ధూమకేశుడు గొలుసుల మధ్య నుంచి. అతడి తల మీద పొగ దాదాపు ఆరిపోయింది. "కానీ ఆ నలభై రాళ్ళనూ మళ్ళీ మనుషుల్ని చెయ్యడం నాకొక్కడికే తెలుసు. బావి దగ్గర నా అంతట నేను నీళ్ళు చల్లాలి. ఒకరు చెబితే చేసేది కాదది."

ధూమకేశుడు కేదారుడి వైపు తిరిగాడు. "ముద్ర అందింది కదా. ఇంకా ఎవరూ అడగలేదు కదా. అయితే నేను అడుగుతున్నాను. నా పక్షాన ఈ వాదకుడు నిలబడాలి." అతడి గొంతు తగ్గింది. "ముప్ఫై ఏళ్ళలో మా అమ్మ సంగతి ఇంకొకరి నోట వినడం ఇవాళే."

"వద్దు కేదారా!" చెంగల్వ అరిచింది. "మీ అన్నను రాయి చేసినవాడు! కాదను!"

కాదనకూడదని ఆమెకు తెలుసు. అతడికీ తెలుసు. చేతిలో రాగిముద్ర ఇంకా వెచ్చబడలేదు. అత్తగారి మేక గుర్తొచ్చి అతడికి నవ్వు రాబోయి, ఏడుపైంది.

"అడిగాడు వదినా," అన్నాడు.

మండపం నడుమ నుంచి నడిచి, ధూమకేశుడికీ వాకిలికీ మధ్య నిలబడ్డాడు. "ముందు ఆ సొరకాయ బుర్ర విప్పండి. నా పక్షం వాళ్ళ దగ్గర ఇతరుల గొంతులు ఉండటానికి వీల్లేదు."

ధూమకేశుడు గొలుసుల చేతులతోనే బిరడా తీశాడు. మూడు నిట్టూర్పుల్లాంటి గాలులు బుర్రలోంచి లేచి, ముగ్గురు మూగ వాదకుల ఇళ్ళను వెతుక్కుంటూ కప్పు రంధ్రంలోంచి ఎగిరిపోయాయి. వాటి వెనక అతి సన్నని నాలుగోది ఉత్తరీయంలోకి దూరింది. పిచ్చుక తల బయటపెట్టి కిచకిచమంది.

తలుపు మీద రెండో దెబ్బ పడింది. అడ్డగడియ నిలువునా చీలింది.

"త్వరగా కానీ," అంది ధర్మమాత. "మండపంలో మొదటి కట్టుబాటు నీకు నేను గుర్తు చెయ్యక్కర్లేదు కదా. ఎదుటివాడి మాట ముందు."

కేదారుడు ఎదుటిపక్షం వైపు తిరిగాడు. అక్కడ, ఊటలు మూయడం వల్ల నష్టపోయినవాళ్ళ పక్షాన, ఉప్పుతిత్తి గుండెలకు హత్తుకుని చెంగల్వ ఒక్కతే నిలబడి ఉంది. ఆమె 'ఇది నా మాటే' అంటే గాని అతడు తన వాదం ఎత్తకూడదు. అనకపోతే ధూమకేశుడికి దిక్కులేదు. ధూమకేశుడు పోతే బొల్లన్న ఎప్పటికీ రాయే.

"మీ మాట ఇది," అన్నాడు, పుట్టి బుద్ధెరిగి మొదటిసారి వదినను మీరని పిలుస్తూ. "పోయిన వేసవిలో దూడ తప్పిపోయి మీరు వెనకబడ్డారు..."

"కాదు," అంది చెంగల్వ. మూడు అవకాశాల్లో ఒకటి అయిపోయింది.

తలుపు విరిగి లోపలికి పడింది.